సీసా మీది మాట – సర్ రామ్‌నాథ్ చోప్రా

సూర్యాపేట నుండి ఖమ్మం పోయే రహదారి మీద మోతె ఒక మండల కేంద్రం. చుట్టూ వరిపొలాలు. నాట్ల కాలంలో నడుము నొప్పి, కోతల కాలంలో మోకాళ్ల నొప్పి, వానలు పడగానే జ్వరాలు అక్కడి కూలిజనానికి ఏటేటా తప్పని బాధలు. పెద్ద వైద్యునికి చూపించుకోవలెనంటే సూర్యాపేటకో కోదాడకో మిర్యాలగూడకో పోవాలి. పోతే ఆనాటి కూలి పోయినట్లే. అందుచేత వైద్యుని చీటీ లేకుండానే మందుల దుకాణం ముందు నిలిచి, బాధ చెప్పి, ఇచ్చిన బిళ్లలనో సీసానో కొంగున కట్టుకొని పోవడం సర్వసాధారణం. ఆ సీసాలో ఏమున్నదో కొన్నవారికి తెలియదు. చాలాసార్లు అమ్మినవారికీ తెలియదు. తయారుచేసినవాడు పైన అంటించిన లేబుల్ ఒక్కటే ఇద్దరికీ ఆధారం. ఆ లేబుల్ మీది మాట అబద్ధమైతే దానిని పట్టుకొనే అధికారం, పరీక్షించే ప్రయోగశాల, శిక్షించే న్యాయస్థానం ఉండాలని మన దేశంలో గట్టిగా చెప్పి, అందుకు మార్గం చూపిన వారిలో ప్రథమ గణ్యుడు సర్ రామ్‌నాథ్ చోప్రా.

చోప్రా 1882 ఆగస్టు 17న పంజాబులోని గుజ్రాన్‌వాలాలో జన్మించారు. ఆ పట్టణం నేడు పాకిస్తాన్‌లో ఉంది. లాహోరులో కళాశాల చదువు ముగించి ఉన్నత విద్యకు ఇంగ్లండు వెళ్లారు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ప్రకృతి శాస్త్రాలు, ఆ తరువాత వైద్యం అభ్యసించారు. అక్కడ ఆయనకు వాల్టర్ డిక్సన్ అనే ఆచార్యుని శిష్యరికం లభించింది. మందు శరీరంలో ఏ అవయవం మీద, ఎంత మోతాదులో, ఎంతసేపు పనిచేస్తుందో కొలిచి చూపే ఫార్మకాలజీ అప్పుడప్పుడే స్వతంత్ర శాస్త్రంగా రూపొందుతున్నది. నమ్మకం మీద కాక కొలత మీద ఆధారపడే ఆ పద్ధతి చోప్రా మనస్సులో నాటుకొన్నది. 1908లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి సైనిక వైద్యుడయ్యారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో తూర్పు ఆఫ్రికా రణరంగంలో పనిచేశారు. అక్కడి ఉద్యోగ జీవితాన్ని గురించి విశేషించి చెప్పుకోవలసినది తక్కువ. ఆయన అసలు జీవితం 1921లో కలకత్తాలో ప్రారంభమయింది.

కలకత్తాలో ఉష్ణమండల వైద్య పాఠశాల అప్పుడే కొత్తగా వెలిసింది. చోప్రా అందులో ఫార్మకాలజీ ఆచార్యులుగా చేరారు. ఈ దేశపు వైద్యులు, మంత్రసానులు, పల్లెజనం తరతరాలుగా వాడుతున్న మొక్కలను శాస్త్రీయంగా పరిశీలించడం ఆయన చేపట్టిన పని. ఒక వేరుకు రోగం నయం చేసే గుణం ఉన్నదంటే ఆయన దానిని వెంటనే కొట్టివేయలేదు, వెంటనే ఒప్పుకోలేదు. సారం తీశారు, జంతువుల మీద పరీక్షించారు, ఆసుపత్రిలో రోగుల మీద ఫలితం చూశారు. సర్పగంధ వేరుకు రక్తపుపోటును తగ్గించే శక్తి ఉన్నదని 1933లో ఆయన బృందం చూపింది. ఆ వేరు నుండే తరువాత 1952లో రెసర్పిన్ అనే మందును విదేశీ శాస్త్రజ్ఞులు వేరుచేశారు. భారతదేశపు దేశీయ ఔషధాలను గురించి ఆయన రాసిన బృహద్గ్రంథం కూడ 1933లోనే వెలువడింది. అదే ఏట ఒకవంక మొక్కల గుణాలను లోకానికి చాటుతూ, మరొకవంక బజారు మందుల మోసాన్ని అరికట్టే ప్రయత్నంలో ఉండడం ఆయన వ్యక్తిత్వంలోని ప్రత్యేకత. ఆయన దృష్టిలో ఈ రెండూ వేరువేరు పనులు కావు.

ఆ కాలపు బజారును ఒకసారి తలచుకోవాలి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత విదేశాల నుండి భారతదేశానికి మందులు వెల్లువగా వచ్చాయి. తమ దేశాలలో అమ్మడానికి వీలులేని నాసిరకం సరుకును కొందరు వర్తకులు ఇక్కడికి చేరవేశారు. ఇంగ్లండులోనూ అమెరికాలోనూ అటువంటి సరుకును ఆపడానికి చట్టాలుండేవి. ఇక్కడ నల్లమందుకు, విషపదార్థాలకు తప్ప సాధారణమైన మందులకు దేశమంతటికీ వర్తించే చట్టమే లేదు. దేశంలో తయారయ్యే సరుకూ అంతంతమాత్రమే. అన్నిటికంటె ఘోరమైనది క్వినైన్ కథ. ఏటా లక్షలమందిని మలేరియా పట్టి పీడించే దేశంలో దానికి దిక్కయిన మందు అది ఒక్కటే. అందులోనే కల్తీ. ఉండవలసినదానికంటె తక్కువ క్వినైన్ ఉన్న బిళ్లలు యథేచ్ఛగా అమ్ముడుపోయేవి. మందు మింగినా జ్వరం తగ్గకపోతే రోగి తన ప్రారబ్ధమనుకొనేవాడు. మందు మీద అనుమానం వచ్చినా దానిని ఎక్కడ పరీక్ష చేయించాలో తెలిసేది కాదు, చేయించడానికి చోటూ లేదు.

ఇక పత్రికలలోని ప్రకటనలు మరొక లోకం. సర్వరోగనివారిణులు, బలవర్ధక లేహ్యాలు, పేరు తప్ప పాళ్లు చెప్పని రహస్య యోగాలు పుటలను నింపేవి. పేటెంటు మందులన్నీ మోసమనడం మాత్రం న్యాయం కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో స్థాపించిన అమృతాంజనం తెలుగువారి ఇళ్లలో తలనొప్పికి విశ్వాసపాత్రమైన మందుగా నిలిచింది. ఆ వ్యాపారం మీద వచ్చిన ధనం పత్రికలకు, గ్రంథమాలకు, జాతీయోద్యమానికి ఉపయోగపడింది. కాని మంచి మందుకు, మాయమందుకు మధ్య తేడాను సీసా చూసి తెలుసుకొనే ఉపాయం సామాన్యునికి లేకపోవడమే అసలు చిక్కు.

1927లో కేంద్ర శాసనసభలోని ఎగువసభ మందుల తయారీని, అమ్మకాన్ని అదుపు చేయవలెనని తీర్మానించింది. మూడేళ్లు గడిచాక, 1930 ఆగస్టులో, భారత ప్రభుత్వం ఔషధ విచారణ సంఘాన్ని నియమించి చోప్రాను అధ్యక్షులను చేసింది. ఆ సంఘం దేశమంతటా తిరిగి వైద్యులను, వర్తకులను, తయారీదారులను, అధికారులను విచారించింది. సంఘం పని ముగించిన వేగం నేటివారికి ఆశ్చర్యం కలిగిస్తుంది. 1931లోనే నివేదిక ప్రభుత్వం చేతికి అందింది.

నివేదిక చెప్పిన విషయాలు సూటిగా ఉన్నాయి. దేశమంతటికీ వర్తించే ఒకే చట్టం కావాలి. కేంద్రంలో ఒక ఉన్నత ప్రయోగశాల, రాష్ట్రాలలో పరీక్షాకేంద్రాలు కావాలి. మందులు కలిపి ఇచ్చేవారికి చదువు, అర్హత, నమోదు ఉండాలి. రహస్య యోగాలను అదుపులో పెట్టాలి. చదువురాని మనిషికి కూడ రక్షణ కలగాలంటే చదువుకున్న పరీక్షకుడు ఒకడు ఆ మనిషి తరపున సీసాను తెరిచి చూడగలగాలి. నివేదిక సారమంతా ఈ ఒక్క ఆలోచన మీద నిలిచింది.

నివేదిక అందినంత త్వరగా చట్టం రాలేదు. మందుల అదుపు రాష్ట్రాల పరిధిలోని విషయమన్నారు. ఖర్చెవరు భరించాలని తర్కించారు. 1937లో దిగుమతి మందులకు మాత్రమే వర్తించే బిల్లు ఒకటి వచ్చింది. దిగుమతి సరుకును ఆపి ఇంట్లోని కల్తీని వదిలితే ప్రయోజనమేమని సభాసంఘం దానిని చాలదన్నది. సరిగా అదే ఏట అమెరికాలో ఒక దుర్ఘటన జరిగింది. సల్ఫనిలమైడ్ అనే మందును ద్రవరూపంలో అమ్మడానికి ఒక సంస్థ దానిని డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషద్రవంలో కరిగించింది. వందమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వారిలో చాలామంది పిల్లలు. ఆనాటి అమెరికా చట్టంలో అమ్మకానికి ముందు మందును పరీక్షించవలెనన్న నియమమే లేదు. ఆ సరుకును స్వాధీనం చేసుకోవడానికి అక్కడి అధికారులకు దొరికిన ఆధారం ఒక్కటే. ఎలిగ్జిర్ అనే పేరు ఆల్కహాలు కలిసిన మందుకే చెల్లుతుంది, అందులో ఆల్కహాలు లేదు, కనుక లేబుల్ తప్పు. ఇంతమంది మరణానికి చట్టంలో దొరికిన నేరం పేరులోని అబద్ధం మాత్రమే కావడం విధివైపరీత్యం. 1938లో అమెరికా కొత్త చట్టం చేసుకొన్నది.

చోప్రా చట్టం కోసం చేతులు కట్టుకొని కూర్చోలేదు. 1937లో కలకత్తాలో జీవరసాయన ప్రామాణీకరణ ప్రయోగశాల ఏర్పడింది. దానికి ఆయనే అధిపతి. ఆయన శిష్యుడు బిష్ణుపద ముఖర్జీ అందులో కుడిభుజమై నిలిచారు. బజారు నుండి వచ్చిన మందులలో ఏది ప్రమాణానికి తూగుతుందో, ఏది తూగదో అక్కడ తేల్చసాగారు. శిక్షించే అధికారం ఇంకా పుట్టకముందే సాక్ష్యం చెప్పే ప్రయోగశాల పుట్టింది. ఇదే తరువాతి కాలంలో కేంద్ర ఔషధ ప్రయోగశాలగా రూపొందింది.

చివరకు 1940లో ఔషధ చట్టం వచ్చింది. నియమావళి 1945లో తయారయింది. అమ్మకం, తయారీలకు సంబంధించిన భాగాలు 1947లో అమలులోకి వచ్చాయి. నివేదిక నాటి నుండి లెక్కిస్తే పదహారేళ్లు. ఈ చట్టంలో లేబుల్‌కు ఇచ్చిన స్థానం గమనింపదగినది. పాడయిన సంగతి కనపడకుండా రంగు వేసినా, పూత పూసినా, ఉన్నదానికంటె ఎక్కువ గుణమున్నట్లు కనిపించేలా చేసినా అది తప్పుడు లేబుల్ మందే. నిర్ణీత పద్ధతిలో లేబుల్ లేకపోయినా అంతే. లేబుల్ మీద, సీసా మీద, వెంట ఇచ్చిన కాగితం మీద అబద్ధమైన, భ్రమ కలిగించే మాట ఏ ఒక్కటి ఉన్నా అంతే. మందు లోపల మంచిదే అయినా పైన అబద్ధం రాస్తే నేరమే. మరొకరి మందు పేరును అనుకరించిన నకిలీలను కూడ మొదట ఈ తరగతిలోనే చేర్చారు. 1982లో నకిలీ మందు అన్న తరగతిని విడదీసి చట్టంలో నిర్వచించారు. కొన్ని రోగాలను నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోరాదని నియమావళిలో ఒక జాబితా కూడ చేరింది.

అధికారి దుకాణానికి వచ్చినప్పుడు జరిగే పని తీరులో చోప్రా వంటి ప్రయోగశాల మనిషి ఆలోచన కనిపిస్తుంది. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ మందును ఊరకే ఎత్తుకుపోరాదు. తగిన ధర చెల్లించి నమూనా తీసుకోవాలి. ఎందుకు తీసుకొంటున్నదీ రాతపూర్వకంగా తెలపాలి. నమూనాను నాలుగు భాగాలు చేసి ముద్ర వేయాలి. దుకాణదారు కోరితే అతని ముద్ర కూడ వేయవచ్చు. ఒక భాగం దుకాణదారుకే ఇవ్వాలి, ఒకటి ప్రభుత్వ విశ్లేషకునికి పంపాలి, ఒకటి న్యాయస్థానం కోసం భద్రపరచాలి, ఒకటి ఆ మందును సరఫరా చేసినవారికి చేరాలి. విశ్లేషకుని నివేదిక తప్పని భావించినవారు 28 రోజులలోపల దానిని ఎదిరించవచ్చు. అప్పుడు న్యాయస్థానం తన వద్దనున్న భాగాన్ని కేంద్ర ప్రయోగశాలకు పంపగలదు. అక్కడి మాటే తుదిమాట. కొన్నవానికి రక్షణతోపాటు అమ్మినవానికి న్యాయం కూడ జరగాలన్న జాగ్రత్త ఇందులో ఉంది. ముద్ర లేని సీసా న్యాయస్థానంలో సాక్ష్యం కాదు.

ఈ చట్టం మోతెకు రావడానికి మరికొంత కాలం పట్టింది. నాడు మోతె నల్లగొండ జిల్లాలో, నిజాం ఏలుబడిలో ఉన్నది. 1940 నాటి చట్టం బ్రిటిషు ఇండియాకే పరిమితం. కృష్ణకు ఆవలి ఒడ్డున, మద్రాసు రాష్ట్రంలో భాగమైన గుంటూరు జిల్లాలో నేరమైనది ఈవలి ఒడ్డున నేరం కాని స్థితి. 1948లో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసింది. 1951లో ఇతర కేంద్ర చట్టాలతోపాటు ఔషధ చట్టం కూడ హైదరాబాదు రాష్ట్రానికి విస్తరించింది.

చట్టంలో ఒక పెద్ద ఖాళీ మిగిలిపోయింది. ఆయుర్వేద, యునానీ పద్ధతులలో మాత్రమే వాడే మందులను 1940లో దాని పరిధి నుండి తప్పించారు. వాటికి అంగీకృతమైన ప్రమాణాలు లేవు. ప్రమాణం లేనిచోట పరీక్ష ఎలా? దేశీయ ఔషధాలకు ప్రమాణాలు కుదర్చడానికి జీవితాన్ని ధారపోసిన చోప్రాకు ఈ లోటు అందరికంటె బాగా తెలుసు. 1946లో ప్రభుత్వం దేశీయ వైద్య పద్ధతుల మీద సంఘం వేసినప్పుడు మళ్లీ ఆయననే అధ్యక్షులుగా ఎన్నుకొన్నది. 1948లో ఇచ్చిన ఆ నివేదిక పాశ్చాత్య, దేశీయ వైద్యాలను సమన్వయం చేయవలెనని సూచించింది. ఆయుర్వేద, యునానీ మందులు చట్టం పరిధిలోకి వచ్చినది 1964లో. ఆ పదహారేళ్ల ఆలస్యంలో ఎన్ని చూర్ణాలు ఏ పేర్లతో అమ్ముడుపోయాయో లెక్క తేల్చగలవారు లేరు.

ప్రకటనల మీద చర్యకు 1954లో మరొక చట్టం వచ్చింది. మధుమేహం, కీళ్లవాతం, మూత్రపిండాలలో రాళ్లు, కంటిశుక్లం, స్థూలకాయం, పక్షవాతం వంటి 54 వ్యాధులను, పరిస్థితులను పేర్కొని, వాటిని నయం చేస్తామని ప్రకటించడాన్ని ఈ చట్టం నిషేధించింది. లేబుల్, పెట్టె మీద రాత కూడ ఈ చట్టం దృష్టిలో ప్రకటనే. తెలంగాణ రాష్ట్రంలో డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ అధికారులు ఇటీవలి సంవత్సరాలలో జిల్లాలలోని మందుల దుకాణాలను తనిఖీ చేసి, రాళ్లను కరిగిస్తామనీ కీళ్లవాతాన్ని పోగొడతామనీ రాసుకొన్న మందులను స్వాధీనం చేసుకొన్నది ఈ 1954 చట్టం కిందనే. పట్టుబడిన వాటిలో ఆయుర్వేదం పేరుతో తయారైనవి ఎక్కువగా ఉండడం గమనార్హం. ఆయుర్వేదానికి చేటు చేసేది ఇటువంటి రాతలే తప్ప తనిఖీలు కావు.

మోతె వంటి మండలంలోని చిన్న ఊళ్ల విషయంలో చట్టం కొంత సడలింపు చూపింది. జనాభా వెయ్యికి మించని గ్రామాలలో తలనొప్పి బిళ్లలు, నొప్పికి రాసుకొనే తైలాలు వంటి కొన్ని గృహవైద్యపు మందులను అమ్మకపు లైసెన్సు లేకుండానే కిరాణా కొట్లో అమ్మవచ్చు. అయితే అవి లైసెన్సున్న తయారీదారు నుండి వచ్చినవై, మూత విప్పని అసలు డబ్బాలోనే ఉండాలి. అమ్మేవానికి ఔషధ జ్ఞానం ఉండనక్కరలేని ఆ చోట కొనేవారిని కాపాడేది డబ్బా మీది అక్షరాలే. ఆ అక్షరాలు ఇంగ్లీషులో, చీమకాళ్లంత పరిమాణంలో ఉండడం మాత్రం చట్టం ఇంకా సరిచేయవలసిన లోపం. లేబుల్ సరిగా ఉండి లోపల విషముంటే ఏమవుతుందో 2025లో మరొకసారి తెలిసివచ్చింది. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో దగ్గుమందు తాగిన ఇరవైమందికి పైగా పసిపిల్లలు మరణించారు. ఆ మందులో బయటపడినది 1937 నాటి డైఇథిలిన్ గ్లైకాలే. లేబుల్ మీద దాని పేరు లేదు. పరీక్షలో తేలాక ఆ మందును వాడవద్దని తెలంగాణ అధికారులు కూడ ప్రజలను హెచ్చరించారు.

చోప్రా కలకత్తా ఉద్యోగం నుండి 1941లో విరమించారు. అదే ఏట ఆయనకు సర్ బిరుదు లభించింది. విశ్రాంతి కోరక జమ్మూ కాశ్మీరు సంస్థానానికి వెళ్లి, జమ్మూలో ఔషధ పరిశోధనశాలను స్థాపించారు. హిమాలయ సానువులలోని మొక్కలను సేకరించడం, గుర్తించడం, పరీక్షించడం అక్కడి పని. తాను కోరిన చట్టం 1947లో అమలుకు వచ్చేనాటికి ఆయన కలకత్తా ప్రయోగశాలలో లేరు. విషపు మొక్కల మీద, ఔషధ మొక్కల పేర్ల మీద ఆయన తన సహచరులతో కూడి రచించిన గ్రంథాలు ఆ తరువాతి కాలంలో వెలువడ్డాయి. జమ్మూ పరిశోధనశాలను 1957లో శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి తన అధీనంలోకి తీసుకొన్నది.

జీవితపు చివరి మూడు దశాబ్దాలు ఆయన గడిపిన ఆ రాష్ట్రానికి ఔషధ చట్టం చాలాకాలం వర్తించలేదు. దానిని జమ్మూ కాశ్మీరుకు విస్తరిస్తూ పార్లమెంటు చట్టాన్ని సవరించినది 1972లో. మరుసటి ఏడు, 1973 జూన్ 13న, తొంభై ఏళ్ల వయస్సులో చోప్రా మరణించారు. 1983లో భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ల విడుదల చేసింది.